రోడ్డుకు ఏ వైపు ఖదిర్

మా ఇంటి వెనక ఖదిర్ ఇల్లు. మా ఊరు ఉమ్ జరాద్‌లో ఏ పిల్లాణ్ణి అడిగినా ఆ మాటే చెప్పేవాడు. పైకప్పు లేని నాలుగు గోడలు, పడమటి గోడలో ఛాతీ ఎత్తున లోతైన గూడు, నేలలో గుండ్రంగా తొలిచిన రాతి తొట్టి. గూట్లో మా అత్తమ్మ రోజూ ఒలీవ నూనె దీపం పెట్టేది. తొట్టిలో పాతకాలం వాళ్ళు పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవారని చెప్పేది. గుర్రమెక్కి బల్లెంతో ఘటసర్పాన్ని పొడిచిన ఆ ఖదిర్ మా క్రైస్తవులకు పునీతుడు మార్ జిర్యిస్, ముస్లింలకు ఉత్త ఖదిర్. పేరేదైతేనేం, మొక్కులు మాత్రం అందరివీ ఆ గూట్లోనే. "ఇస్తాడు గానీ, మొక్కు తప్పితే ఊరుకోడు" అని రెండు మతాల వాళ్ళూ ఒకే గొంతుతో చెప్పేవారు.

నా కొడుకు జిర్యిస్ ఆ గూడు ఇచ్చిన బిడ్డే. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు నాకు కడుపు నిలవలేదు. నేను ఇక ఆశ వదులుకున్న రోజుల్లో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కుపోయింది. గూటికి నుదురు ఆనించి మొక్కింది. మగపిల్లాడు పుడితే నీ పేరే పెడతాను, ఐదో ఏట నీ పండగ రోజున నీ గడపలోనే పుట్టువెంట్రుకలు తీయిస్తాను, గొర్రెను కోసి ఊరికి పెడతాను, అంతవరకు వాడి తలకు కత్తెర తాకనివ్వను అంది. ఆ వసంతానికి వాడికి ఐదో ఏడు నడుస్తోంది. జుట్టు భుజాలు దాటింది. కొత్తవాళ్ళు "పాప పేరేంటమ్మా?" అంటే వాడు వాళ్ళ కాలు తొక్కి పారిపోయేవాడు.

ఈస్టర్ ముందరి ఉపవాసాలు మొదలవకముందే అమ్మాన్ నుంచి తవ్వకాల వాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్ద డాక్టర్ లూమా అనే సన్నటి మనిషి. ఎండకు ముక్కు ఎర్రబడినా టోపీ పెట్టుకునేది కాదు. వాళ్ళు వచ్చారని మా ఆయన సలామె ఎగిరి గంతేశాడు. ఆయనది యాత్రికుల వ్యాను. మోషే వాగ్దాన దేశాన్ని చూసిన నెబో కొండా, మాదబాలో రంగురాళ్ళతో నేలమీద పరిచిన పటమూ చూపించి, తిరుగుదారిలో వాళ్ళను మా ఇంటి వెనక్కి తీసుకొచ్చేవాడు. "రోమ్ చక్రవర్తులు క్రైస్తవులను తరిమిన రోజుల్లో ఇక్కడే దాక్కుని ప్రార్థన చేసుకునేవారు" అని వాళ్ళ భాషలో చెప్పేవాడు. నీకెవరు చెప్పారని నేనంటే "గోడలు చూస్తే తెలీట్లా?" అనేవాడు.

యాత్రికులు గూటికి ముద్దు పెట్టేవారు. కొందరు ఏడ్చేవారు. అత్తమ్మ వాళ్ళకు మర్యమీయ ఆకు వేసిన టీ ఇచ్చి, వాళ్ళు ఏడుస్తుంటే తనూ కళ్ళొత్తుకునేది. భాష రాకపోయినా ఏడుపులో తోడు పోవడం ఆవిడకు బాగా వచ్చు.

అత్తమ్మను ఊరంతా ఉమ్మ్ సబ్రీ అంటారు. అంటే సబ్రీ తల్లి అని. మా దగ్గర తల్లిని పెద్దకొడుకు పేరుతో పిలవడం ఆనవాయితీ. సబ్రీ మా ఆయనకన్నా ముందు పుట్టి, చిన్నప్పుడే జ్వరంతో పోయాడు. పిల్లాడు పోయినా పిలుపు పోలేదు. నేను కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయినా సబ్రీ గురించి ఆవిడ నోట ఒక్క ముక్క వినలేదు. అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

పొలంగట్ల మీద ఖుబ్బేజా ఆకుకూర విరివిగా దొరికే రోజులవి. ఒక ఉదయం అత్తమ్మ వంటింట్లో ఆ ఆకు తరుగుతుంటే డాక్టర్ లూమా గుమ్మంలో వచ్చి నిలబడింది.

"పిన్నిగారూ, ఒక్కసారి వస్తారా? మీకే ముందు చెప్పాలనిపించింది."

"చర్చికి పేరు దొరికిందా?" అంది అత్తమ్మ, చేతులు తుడుచుకుంటూ లేచి.

వెళ్ళాం. తొట్టి చుట్టూ మట్టి తీసేసి శుభ్రంగా ఉంది. పక్కన కొత్తగా బయటపడ్డ పెద్ద బండ, దానిమీద నీళ్ళు పారే కాలువలా ఒక గాడి. డాక్టర్ లూమా చేతిలోని బ్రష్షును అటూ ఇటూ మార్చుకుంది.

"ఇది చర్చి కాదండీ. నూనె గానుగ."

అత్తమ్మ నవ్వింది. "భలేదానివే!"

"ఈ గూడు చూడండి. ఇందులో పెద్ద దూలం కొస గుచ్చేవారు. రెండో కొసకు బండలు వేలాడదీస్తే ఆ బరువుకి దూలం కిందికి వంగి, ఒలీవ గుజ్జు బుట్టలను నొక్కేది. నూనె ఈ గాడిలోంచి వచ్చి తొట్టిలో పడేది. వేలాడదీసిన బండలు కూడా దొరికాయి, తాళ్ళు కట్టే కన్నాలతో సహా."

"తొట్టి బాప్తిస్మానిది."

"నూనె పట్టేదండీ."

"ముందు గానుగై ఉంటుంది. తర్వాత చర్చి చేసుంటారు." అత్తమ్మ బజారులో బేరమాడుతున్నట్టే మాట్లాడింది. "పోనీ, కొన్నాళ్ళు? ఒకరిద్దరు సన్యాసులు ఉండి ఉంటారు కదా?"

"అలాంటి గుర్తు ఒక్కటీ లేదు పిన్నిగారూ. కట్టింది గానుగగానే, కూలింది గానుగగానే."

"అయితే ఇక్కడ ఎప్పుడూ ఎవరూ ప్రార్థన చెయ్యలేదా?"

డాక్టర్ లూమా ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "మీరు చేశారుగా."

మంచి మాటే అంది పాపం. కానీ అత్తమ్మ ఆ చెయ్యి కిందినుంచి పక్కకు జరిగింది. గూట్లోంచి ప్రమిద తీసి, నూనె ఒలక్కుండా పట్టుకుని ఇంటికి నడిచింది. ఒత్తి ఆర్పి, ప్రమిద కడిగి, వంటింట్లో పచ్చడి సీసాల వెనక బోర్లించింది. మళ్ళీ ఆకు ముందు కూర్చుంది.

"అత్తమ్మా..." అన్నాను.

"ఇవాళైనా ఉప్పు చూసి వెయ్యి. నిన్న నోట్లో పెట్టలేకపోయాం" అంది.

ఆ రోజునుంచి ఆవిడ వెనక గుమ్మం వైపు తిరిగి కూడా చూడలేదు.

అంత పెద్ద గానుగ ఉందంటే దాని నూనె వాడుకున్న వాళ్ళు పక్కనే ఎక్కడో ఉండాలని డాక్టర్ లూమా లెక్క. వెతగ్గా వెతగ్గా ఆ చోటు రోడ్డుకు అవతల, అబూ ముత్లక్ గొర్రెల దొడ్డి కింద తేలింది. పెంట ఎత్తిపోస్తే దాని అడుగున రంగురాళ్ళ నేల ఉంది. ద్రాక్షతీగలు, జింకలు, వల నిండా చేపలున్న ఒక పడవ, నడిమధ్య గ్రీకు అక్షరాల్లో మార్ జిర్యిస్ పేరు. నిజంగానే ఖదిర్ చర్చి. మా ఇంటికి ఎదురుగా, ఒక కేక దూరంలో.

అబూ ముత్లక్ నమాజు తప్పని ముసలి ముస్లిం, ఊళ్ళో అందరితో పరాచికాలాడే మనిషి. తవ్విన చోట నిలబడి వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకటే మాట చెప్పాడు. "మా గొర్రెలు పొద్దున్నే మోకాళ్ళ మీద ఎందుకు కూర్చుంటాయో ఇన్నాళ్ళూ నాకు తెలిసేది కాదర్రా!"

నన్ను చూసి మాత్రం గొంతు తగ్గించాడు. "కోడలా, మా ఆవిడ కూడా మీ గూటికే మొక్కింది. ముత్లక్ పుట్టాడు. ఇప్పుడు వాణ్ణి ఏమనాలి? గానుగ ఇచ్చిన కొడుకనాలా?"

"అలా అనకండి బాబాయ్."

"నాకు నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. మీ అత్తకెలా ఉంది?"

"ఆకు తరుగుతోంది" అన్నాను.

మా ఆయనకు మాత్రం ఏ అనుమానమూ రాలేదు. మర్నాడే వ్యాను రోడ్డుకు అవతల ఆపాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. రోమ్ చక్రవర్తులు క్రైస్తవులను తరిమిన రోజుల్లో ఇక్కడే దాక్కుని ప్రార్థన చేసుకునేవారట. ఏ ఎండకా గొడుగు అంటే ఇదే.

"సిగ్గు లేదటయ్యా?" అన్నాను ఇంటికొచ్చాక.

"ఎందుకే సిగ్గు? కథ అదే కదా. గోడలు మారాయంతే."

"నిన్నటిదాకా ఏడ్చినవాళ్ళ సంగతేంటి?"

"వాళ్ళ ఏడుపు వాళ్ళు ఏడ్చుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు మనం వెనక్కి పిలిచి, అయ్యా మీ కన్నీళ్ళు నూనె తొట్టిలో పడ్డాయి అని చెప్పాలా?"

నాకు కోపమొచ్చింది. కానీ చూస్తే, రోడ్డుకవతల కూడా యాత్రికులు అచ్చం ఇక్కడ ఏడ్చినట్టే ఏడుస్తున్నారు. ఒక పెద్దావిడ చుట్టూ కట్టిన తాడు కిందినుంచి వంగి, చేప బొమ్మను వేలితో తాకి గుండెకు అద్దుకుంది. అంతకు నెల ముందు మా గూడును ముద్దుపెట్టుకున్నావిడ మొహమూ అలాగే ఉంది. ఏ ఏడుపు సరైన చోటికి చేరిందో నాకు తెలీలేదు.

ఒకనాడు జిర్యిస్‌ను చంకనేసుకుని రెండు చోట్లకూ పోయి నిలబడ్డాను. రంగురాళ్ళ నేల చాలా అందంగా ఉంది. అక్కడ నాలో ఏమీ కదల్లేదు. చుట్టాల పెళ్ళికి తప్పదని వెళ్ళినట్టుంది. గానుగలోకి వచ్చాను. మసిబారిన గూడు, పాత నూనె వాసన. కాళ్ళు వాటంతట అవే వంగబోయాయి. వంగితే దేనికి వంగినట్టు? దూలం పెట్టే కన్నానికా? నిటారుగా నిలబడ్డాను. నిలబడ్డందుకు భయమేసింది. ఆ రాత్రినుంచే పిల్లాడికి కొద్దిగా దగ్గు పట్టుకుంది. గాలి మారితే ప్రతి పిల్లాడికీ వచ్చే దగ్గే. అయినా నేను గంట గంటకూ వాడి నుదురు తాకి చూస్తూనే ఉన్నాను. మొక్కు తప్పితే ఊరుకోడు అన్న మాట చెవిలో జోరీగలా తిరిగింది.

ఈస్టర్ వెళ్ళిన వారంలో మా పాదిరి అబూనా మిత్రి ఇంటికొచ్చాడు. అత్తమ్మ కాఫీ పోసింది.

"ఖదిర్ పండగ ఈసారి ఆ చర్చిలోనే జరుపుకుందాం. డాక్టరమ్మ ఒప్పుకుంది. గొర్రెను మాత్రం బయట కొయ్యమంది. పిల్లాడి వెంట్రుకలు కూడా అక్కడే తీసేద్దాం" అన్నాడు అబూనా.

"మొక్కింది ఇక్కడ కదా అబూనా?" అన్నాను.

"గానుగకు మొక్కారటమ్మా? మార్ జిర్యిస్‌కు మొక్కారు. ఆయన ఇల్లు అది."

"మరి ఇక్కడ మొక్కితే ఆయనకు వినిపించిందా లేదా?"

"వినిపించింది కాబట్టేగా వీడు పుట్టాడు."

"ఇక్కడ మొక్కింది వినిపిస్తే, ఇక్కడ తీర్చింది కనిపించదా?"

అబూనా కాఫీ కప్పులోకి చూశాడు. మంచి మనిషే, అబద్ధం చెప్పడం రాదు. "ఏమోనమ్మా. నేను మాత్రం గానుగలో నిలబడి ప్రార్థన ఎలా చదవను? ఊరు నవ్వదూ?"

"మీరు చెప్పండి అత్తమ్మా. మొక్కిన నోరు మీది."

అది ఊరికే అన్నమాట కాదు. మా ఆచారంలో మొక్కిన వాళ్ళే పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆఖరి వెంట్రుక రాలాక "నీది నీకిచ్చాను, నావాణ్ణి నాకు వదులు" అనాలి. ఇంకో నోరు అంటే చెల్లదు. చెల్లకపోతే బిడ్డ ఇంకా ఆయనవాడే. ఎప్పుడైనా వచ్చి తీసుకుపోవచ్చు.

అత్తమ్మ ఖాళీ కప్పు తీసుకుంది. "మీ ఇష్టం" అంది. నా ఇష్టమేమిటో నాకే తెలిస్తే ఆవిణ్ణి ఎందుకు అడుగుతాను?

పండగనాడు ఊరంతా రోడ్డుకవతలే ఉంది. దొడ్డి బయట మా గొర్రెను కోశారు. పెద్ద పెద్ద గిన్నెల్లో ఎండుపెరుగు పులుసులో మాంసం ఉడుకుతోంది. మూడు బస్సుల యాత్రికులు దిగారు. మా ఆయన తెల్లచొక్కా వేసుకుని పెళ్ళికొడుకు తండ్రిలా తిరుగుతున్నాడు. అత్తమ్మ రాలేదు. పొద్దున్నే తలకు గుడ్డ బిగించి కట్టుకుని "నాకు తల పగిలిపోతోంది, మీరు వెళ్ళండి" అంది. బతిమాలాను. గోడవైపు తిరిగి పడుకుంది.

"మీరే ఒళ్ళో కూర్చోబెట్టుకోండమ్మా, దేవుడికి తెలీదా" అన్నాడు అబూనా. రంగురాళ్ళ అంచున ప్లాస్టిక్ కుర్చీ వేశారు. జిర్యిస్‌ను ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నాను. అబూనా ప్రార్థన చదివి, శిలువ ఆకారంలో నాలుగు చోట్ల కత్తిరించి, కత్తెర మా ఆయనకిచ్చాడు. ఆయన కుడివైపు మొదలుపెట్టాడు. పిల్లాడి జుట్టు చుట్టలు చుట్టలుగా నా ఒళ్ళో పడుతోంది. యాత్రికులు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఎడమవైపు కూడా అయిపోతే ఆ మాట నేననాలి. తలెత్తి చూస్తే రోడ్డుకు ఇవతల, మా గానుగ గోడ పైన, ఒక నల్లటి తలగుడ్డ కొస కనిపించి, కిందికి దిగిపోయింది.

"ఆగు" అన్నాను.

"సగమే అయిందే!" అన్నాడు మా ఆయన.

"తెలుసు. కత్తెర ఇలా ఇవ్వు."

ఒళ్ళో జుట్టు రుమాల్లో మూటగట్టి, పిల్లాడి చెయ్యి పట్టుకుని లేచాను. ఒకవైపు గుండు, ఒకవైపు భుజందాకా జుట్టు. "నుహా, ఎక్కడికే? నా పరువు తీస్తావా?" అని మా ఆయన వెనకాల అరుస్తూనే ఉన్నాడు. అబూ ముత్లక్ మాత్రం గబగబా రోడ్డుమధ్యకు వెళ్ళి, వస్తున్న బస్సుకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఆపవయ్యా, ఆపు! జిర్యిస్ రోడ్డు దాటుతున్నాడు, కనబడట్లా?"

అత్తమ్మ తొట్టి పక్కన నేలమీద కూర్చుని ఉంది. మనవణ్ణి చూసి నోరు తెరిచింది.

"ఇదేం అవతారమే? గొర్రె కూడా సగం బొచ్చుతో తిరగదు!"

"సగం అక్కడ, సగం ఇక్కడ. పాము చావకుండా కర్ర విరక్కుండా. నాకు ఇంతకంటే తోచలేదు అత్తమ్మా."

ఆవిడ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. నవ్వు ఆగాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

"సబ్రీని కూడా ఇక్కడికే తెచ్చాను నుహా."

"ఒళ్ళు పెనంలా కాలిపోయేది. అదిగో, ఆ గూటి కింద పడుకోబెట్టి మొక్కాను. వీడికి మొక్కినట్టే, ఒక్క మాట తేడా లేదు. తెల్లారేసరికి పోయాడు. ఆ ఏడు ఈస్టర్ ఉపవాసాల్లో, పాలు ముట్టకూడదని తెలిసీ, కుండ అడుగున మిగిలినవి తాగాను, ఎవరూ చూడలేదనుకుని. అందుకే వినలేదనుకున్నాను. తప్పు నాదే అనుకున్నాను. ఇన్నేళ్ళూ దీపం పెట్టింది భక్తితోటి అనుకున్నావా? ఆ పాలకి." ఆవిడ అరచేత్తో తొట్టి అంచు రుద్దింది. "ఇప్పుడా పిల్ల వచ్చి గానుగంటోంది. పాలు కాదట. తలుపు తప్పట. నాలుగడుగులు వేసి, ఆ రోడ్డు దాటి ఏడ్చుంటే..."

"మరి వీడు? వీడి కోసమూ ఇక్కడే ఏడ్చారు కదా అత్తమ్మా?"

"అదేగా నాకర్థం కానిది! ఇక్కడ ఎవరూ లేకపోతే వీణ్ణి ఎవరిచ్చారు? ఉంటే వాణ్ణెందుకు ఇవ్వలేదు?"

ఆవిడ పక్కన కూర్చుని కత్తెర ఆవిడ చేతిలో పెట్టాను. పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుని, ఎడమవైపు జుట్టు కొంచెం కొంచెంగా, ఎక్కడా పీకకుండా కత్తిరించింది. వాడు మెడ సాచి రోడ్డువైపు చూస్తున్నాడు.

"నానమ్మా, ఖదిర్ ఇల్లు ఇదా, అదా?"

"కదలకు, చెవి తెగుద్ది."

"ఇదా, అదా?"

"వాడికి గుర్రముంది కదరా. రోడ్డు దాటడం వాడికెంతసేపు?"

పిల్లాడికి ఆ జవాబు బాగా నచ్చింది. నాలుకతో గుర్రపు డెక్కల చప్పుడు చేస్తూ కూర్చున్నాడు. అత్తమ్మ ఆఖరి పాయ కత్తిరించి, రుమాలు విప్పించి, రెండు సగాలూ కలిపి, ఆ గూట్లోకి తోసింది. వాడి బోడితల మీద చెయ్యి పెట్టింది. "నీది నీకిచ్చాను, నావాణ్ణి నాకు వదులు" అంది. వాడు ఒళ్ళోంచి దూకి, డెక్కల చప్పుడు చేసుకుంటూ బయటికి పరిగెత్తాడు.

అత్తమ్మ గూటివైపే చూస్తోంది.

"ఎంతసేపూ పట్టదు" అంది, నాతో కాదు. "మరి ఆ రోజెందుకు దాటలేదో."

రోడ్డుమీంచి అబూ ముత్లక్ కేక వినిపించింది. "ఉమ్మ్ సబ్రీ! ఓ ఉమ్మ్ సబ్రీ! అన్నం చల్లారిపోతోంది, అందరూ నీకోసమే కూర్చున్నారు!"

ఆవిడ నా భుజం ఆసరా చేసుకుని లేచింది. బట్టల మీది వెంట్రుకలు దులుపుకుంది.

"వస్తున్నా" అని పలికింది.